ఆర్ఎన్ఆర్ బియ్యం ఎనిమిది నెలలు తిన్నాక

మొత్తం చదివే ఓపిక లేనివాళ్లకి ముందే చెప్పేస్తా. రుచికి అయిదుకి నాలుగున్నర, వండుకోవడానికి మూడున్నర, షుగర్ విషయంలో మూడు, సంచి మీద రాసిన రాతకి సున్నా. ఓపిక ఉన్నవాళ్లకి మిగతా కథ.

మేం ఉండేది అత్తాపూర్‌లో. ఇంట్లో అయిదుగురం, అందులో అత్తమ్మకి పదకొండేళ్లుగా షుగర్. మూడు పూటలా అన్నమే తింటారు. ఉప్మా అంటే ఆవిడ లెక్కలో జ్వరం వచ్చినవాళ్ల తిండి. చపాతీలు ఇరవై రోజులు నడిచాయి, ఇరవై ఒకటో రోజు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి కుక్కర్లో అన్నం, పక్కన పచ్చిపులుసు, ఆవిడ ముఖంలో పండగ. కొర్రలు వండితే ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని "పిట్టలకు పోసేటియి నాకు పెడ్తున్నవా బిడ్డా" అన్నారు. సామలకి అంత గౌరవం కూడా దక్కలేదు. డాక్టర్ దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ "అన్నం తగ్గించాలమ్మా" అని ఆయన, "తగ్గించిన సారూ" అని ఈవిడ, మధ్యలో రిపోర్టు పట్టుకుని నేను.

అలాంటి టైంలో పక్క ఫ్లాట్ ఆవిడ చెప్పింది, "ఆర్ఎన్ఆర్ వాడండి, ఎంత తిన్నా షుగర్ పెరగదు" అని. ఆ మాటలో సగం నిజం ఉంది. రెండో సగమే జనాన్ని ముంచుతోంది. ఈ రివ్యూ రాయడానికి కారణం అదే.

ముందు ఈ బియ్యం పుట్టుపూర్వోత్తరాలు, ఎందుకంటే నాకు ఇది మా ఇంటి కథలా అనిపించింది. ఆర్ఎన్ఆర్ అంటే రాజేంద్రనగర్, అంటే మా అత్తాపూర్ పక్కనే ఉన్న వ్యవసాయ విశ్వవిద్యాలయం. పూర్తి పేరు ఆర్ఎన్ఆర్ 15048. 2015లో తెలంగాణ సోనా అని పేరు పెట్టి విడుదల చేశారు, అంటే ప్రొఫెసర్ జయశంకర్ పేరుతో కొత్త యూనివర్సిటీ ఏర్పడిన మరుసటి ఏడే. దీని తల్లి ఎంటీయూ 1010, పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరు పరిశోధనా కేంద్రంలో పుట్టింది, కాటన్‌దొర సన్నాలు అని పేరు. తండ్రి జేజీఎల్ 3855, జగిత్యాల. ఇక మా సంగతి. నేను పుట్టింది మార్టేరుకి పది కిలోమీటర్ల దూరంలో, మా ఆయనది జగిత్యాల, కాపురం రాజేంద్రనగర్ పక్కన. ఇది చదివి నేను పడీ పడీ నవ్వి మా ఆయనకి చూపిస్తే, "అయితే మన పిల్లలకి కూడా నంబర్లు పెట్టాల్సింది" అన్నారు.

నవ్వు సంగతి అలా ఉంచితే, ఈ రకాన్ని షుగర్ ఉన్నవాళ్ల కోసం తయారు చేశారని చాలామంది అనుకుంటున్నారు. నేనూ అలాగే అనుకున్నా. కాదు. ఇది రైతు కోసం పుట్టిన వంగడం. మనందరికీ అలవాటైన సాంబ మసూరి, అదే బీపీటీ 5204, బాపట్లలో పుట్టి 1986లో బయటికొచ్చింది, తినడానికి దాన్ని కొట్టేది లేదు గానీ పంట కాలం దాదాపు అయిదు నెలలు, అగ్గితెగులు వస్తే నిలబడదు, గాలివానకి పడిపోతుంది. ఆర్ఎన్ఆర్ 125 రోజుల్లో కోతకొస్తుంది, అగ్గితెగులు తట్టుకుంటుంది, గింజ సాంబ మసూరి కన్నా చిన్నగా సన్నగా ఉంటుంది. జగిత్యాల దగ్గర మా చిన్నమామయ్య నాలుగెకరాల్లో ఇదే వేస్తారు. షుగర్ గురించి అడిగితే "అదంత నాకెరుక లేదు బిడ్డా, నెల ముందు కోతకొస్తది, ఆఖరి తడులకు నీళ్ల టెన్షన్ ఉండది, గంతే" అన్నారు. ఆయన దృష్టిలో ఈ బియ్యం గొప్పతనం కాలువలో నీళ్లకి సంబంధించింది, మన రక్తానికి కాదు.

గ్లైసీమిక్ ఇండెక్స్ (జీఐ) అంటే తిన్నది రక్తంలో షుగర్‌ని ఎంత త్వరగా పెంచుతుందో చెప్పే అంకె. ఆ పరీక్ష తర్వాత జరిగింది. దాంట్లో దీనికి 51 దాటి 52 లోపు వచ్చింది. 55, అంతకన్నా తక్కువ వస్తే తక్కువ జీఐ అంటారు, 70, ఆపైన వస్తే ఎక్కువ. మామూలు తెల్లబియ్యం చాలావరకు 70 అటూ ఇటూ ఉంటాయి కాబట్టి 51 అనేది నిజంగానే మంచి నంబరు. ఆ మాట నేను కాదనను. 2020లో ఈ బియ్యాన్ని బ్రాండుగా మార్కెట్లోకి తీసుకెళ్లడానికి యూనివర్సిటీ వాళ్లు గచ్చిబౌలిలోని బిజినెస్ స్కూల్ ఐఎస్‌బీతో ఒప్పందం కూడా చేసుకున్నారు. అప్పటి నుంచి పేపర్లలో, వాట్సాప్‌లో ఇది "షుగర్ బియ్యం" అయిపోయింది.

ఇప్పుడు నేను కొన్న సంచుల సంగతి. మొదటి సంచి మా వైపు ఒక పెద్ద బియ్యం దుకాణంలో, 26 కిలోలు. (26 ఏంటని అడిగేవాళ్లకి: 2022లో 25 కిలోల దాకా ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ పెట్టారు, అంతే, సంచులు ఒక కిలో లావెక్కాయి.) 1,650 రూపాయలు. సంచి మీద పెద్దక్షరాల్లో "షుగర్ ఫ్రీ", దాని కింద నవ్వుతున్న ముసలాయన బొమ్మ, ఒక మూల స్టెతస్కోపు. స్టెతస్కోపు ఎందుకో అర్థం కాలేదు, బియ్యానికి గుండె చప్పుడు వింటారా? షుగర్ ఫ్రీ అన్న మాట బియ్యం సంచి మీద ఎవరు రాశారో గానీ, వంద గ్రాముల బియ్యంలో సుమారు 78 గ్రాములు పిండిపదార్థమే, అది కడుపులో దాదాపు అంతా చివరికి గ్లూకోజే అవుతుంది, ఏ రకమైనా సరే. జీఐ తక్కువ అంటే ఆ గ్లూకోజ్ రక్తంలోకి కాస్త నిదానంగా వస్తుందని అర్థం, రాదని కాదు. ఈ తేడా దుకాణదారుకి చెప్పబోతే "మేడమ్, కంపెనీ వాళ్లు టెస్ట్ చేసి రాస్తారు" అన్నాడు. టెస్ట్ రిపోర్ట్ చూపించమంటే సంచే చూపించాడు.

అది పాత బియ్యం అని చెప్పి అమ్మారు గానీ కాదు. వండిన మొదటి రోజే తెలిసిపోయింది, గరిటె పెడితే అన్నం ముద్దగా లేచొచ్చింది. కోత కోసి నాలుగు నెలలు కూడా అయి ఉండదు. మార్చి ఇమ్మంటే సంచి కుట్టు విప్పాక తీసుకోం అన్నారు, కుట్టు విప్పకుండా కొత్తవో పాతవో నాకెలా తెలుస్తుందో మరి. ఆ సంచి సగం ఇడ్లీల్లోకీ దోసెల్లోకీ పోయింది.

రెండోసారి ఆన్‌లైన్‌లో అయిదు కిలోల ప్యాకెట్ తెప్పించా, డయాబెటిస్ వాళ్లకి ప్రత్యేకం అని అమ్మేది, కిలో నూట ఇరవై పడింది. అట్టపెట్టె, లోపల వాక్యూమ్ ప్యాకింగ్, అందులో ఒక కార్డు, కార్డు మీద ఏదో గ్రాఫ్, గ్రాఫుకి అంకెలు లేవు! బియ్యం బాగుంది, మంచి పాత బియ్యమే. కానీ గింజని గింజ పక్కన పెట్టి చూస్తే మా చిన్నమామయ్య పంపిన బియ్యానికీ దీనికీ నాకు తేడా కనపడలేదు. ఇది నిజంగా 15048 నా, లేక ఇంకేదైనా సన్నరకమా అని కూడా చెప్పలేను. కంటికి తెలియదు, నోటికి తెలియదు, డీఎన్ఏ పరీక్ష చేయిస్తే తప్ప తేలదు. కాబట్టి రెట్టింపు ధర పెట్టడం అంటే నమ్మకానికి పెట్టడమే.

మూడోసారి నుంచి చిన్నమామయ్య వడ్లు మర పట్టించి ఆర్టీసీ కార్గోలో పంపిస్తున్నారు. ఇప్పుడు రివ్యూ చేస్తున్నది ఈ బియ్యాన్నే, ఎందుకంటే ఇది ఏ రకమో, ఎప్పుడు కోశారో, ఎన్నిసార్లు పాలిష్ పట్టారో నాకు తెలుసు. పాలిష్ తక్కువ పట్టించమన్నాను. మొదటిసారి మరీ తక్కువ పట్టించారు, అన్నం కొంచెం మట్టిరంగులో వచ్చింది, పిల్లలు ముట్టుకోలేదు. రెండోసారి సరిగ్గా కుదిరింది.

వండటం గురించి. ఈ గింజ చిట్టిముత్యాలంత చిన్నది, సాంబ మసూరికి పోసినన్ని నీళ్లు పోస్తే మెత్తబడిపోతుంది. ఏడాది పాతవైతే గ్లాసుకి రెండు గ్లాసులు, అరగంట నానబెడితే ఇంకో పావు గ్లాసు తగ్గించాలి. కుక్కర్లో మూడు కూతలు నా వల్ల కాలేదు, రెండు చాలు. అసలు ఇది గిన్నెలో వండి గంజి వారిస్తేనే బాగుంటుంది, మెతుకు మెతుకు విడిగా, తెల్లగా మల్లెమొగ్గల్లా పడుతుంది కంచంలో. అత్తెసరు పెడితే అడుగున కొంచెం ముద్దవుతుంది. పులిహోరకి పనికిరాదు, నేను రెండుసార్లు చేసి రెండుసార్లూ పొంగలికి చెల్లెల్ని చేశా. పప్పుచారులోకి, పెరుగులోకి దీని ముందు సాంబ మసూరి కూడా దిగదుడుపే. మా అమ్మ గోదావరి మనిషి, బియ్యం విషయంలో ఎవరినీ మెచ్చుకోదు. సంక్రాంతికి వచ్చి తిని "బియ్యం పర్లేదే" అంది. మా అమ్మ నోటి నుంచి ఆ మాట రావడం అంటే నంది అవార్డు వచ్చినట్టు. ఒక్క లోపం, చల్లారితే కొంచెం గట్టిపడుతుంది, మధ్యాహ్నం లంచ్ బాక్సులో పెట్టుకెళ్లేవాళ్లు పైన ఒక చుక్క నెయ్యో, కాస్త చారో వేసుకోవాలి.

ఇక షుగర్. నేను లాబ్ మనిషిని కాదు, బ్యాంకులో పనిచేస్తా, లెక్కలంటే మాత్రం వదిలిపెట్టను. గ్లూకోమీటరుతో అత్తమ్మ మీద ప్రయోగం మొదలుపెట్టా. ఆవిడ ఒప్పుకోవడానికి కారణం సైన్స్ మీద ప్రేమ కాదు, అన్నం మానెయ్యమని అనకుండా ఏ అన్నమో తేలుద్దాం అన్నందుకు. మధ్యాహ్నం అన్నానికి ముందొకసారి, తిన్న రెండు గంటలకి ఒకసారి. అదే కూర, అదే తూకం, రోజూ 150 గ్రాముల బియ్యం అన్నం, ఎందుకంటే ఆవిడ మామూలుగా తినేది అంతేనని కాటా పెట్టి చూస్తే తేలింది. (ఆ రోజు ఇంట్లో చిన్న గొడవ. "నా బువ్వ తూకం ఏస్తున్నవా" అని మా ఆయనకి ఫోన్ వెళ్లింది.)

సాంబ మసూరితో నాలుగు రోజులు చూస్తే సగటున 94 పెరిగింది. ఆర్ఎన్ఆర్‌తో నాలుగు రోజులు, సగటున 78. నేను ఎగిరి గంతేసి పక్క ఫ్లాట్ ఆవిడకి చెప్పేశాను కూడా. తర్వాత మీటరు పెట్టెలో ఉన్న కాగితం తీరిగ్గా చదివాను. వంద పైన ఉన్న రీడింగుకి 15 శాతం అటూ ఇటూ తేడా వచ్చినా ఆ మీటరు ప్రమాణాల ప్రకారం బాగున్నట్టే లెక్కట. అంటే 200 చూపిస్తే అసలు సంగతి 170 కావచ్చు, 230 కావచ్చు. అలాంటప్పుడు 94కీ 78కీ మధ్య ఉన్న 16 పాయింట్ల తేడా బియ్యానిదా, మీటరుదా, ఆ రోజు అత్తమ్మ కింద పార్కులో రెండు రౌండ్లు ఎక్కువ నడిచినందుకా అంటే చెప్పలేను. కొంచెం తగ్గిందనే నా అనుమానం. అంతకు మించి ఒట్టు పెట్టలేను.

అసలు కిటుకు ఆ 51 అనే నంబరు ఎలా వస్తుందో చదివాక తెలిసింది. టొరంటో యూనివర్సిటీలో డేవిడ్ జెన్‌కిన్స్ బృందం 1981లో తెచ్చిన పద్ధతి ఇది. మామూలుగా పదిమంది ఆరోగ్యవంతులకి 50 గ్రాముల పిండిపదార్థం ఉండేంత అన్నం పెడతారు, రెండు గంటల పాటు వేలి నుంచి రక్తం తీసి చూస్తారు, ఇంకో రోజు 50 గ్రాముల గ్లూకోజ్ ఇచ్చి అలాగే చూస్తారు, గ్లూకోజుకి వంద అనుకుంటే అన్నానికి ఎంత అన్నదే ఆ నంబరు. ఇక్కడ 50 గ్రాములు అన్నది గుర్తుపెట్టుకోండి. దానికి పట్టే బియ్యం 64 గ్రాములు, మా ఇంట్లో టీ గ్లాసు కూడా నిండదు. మా అత్తమ్మ తినేది 150. బ్యాంకు బుద్ధి కదా, లెక్కేశాను. 150 గ్రాముల ఆర్ఎన్ఆర్‌లో పిండిపదార్థం 117 గ్రాములు, దానికి జీఐ 51.5 పెట్టి హెచ్చవేసి వందతో భాగిస్తే 60. దీన్ని గ్లైసీమిక్ లోడ్ అంటారట, అంటే తిన్న అన్నం మొత్తం వల్ల పడే షుగర్ భారం. అదే జీఐ 70 ఉన్న ఏ మామూలు బియ్యమో సగం, 75 గ్రాములు తింటే? 41. అంటే షుగర్ బియ్యం కడుపునిండా తినడం కన్నా మామూలు బియ్యం సగం కడుపుకి తినడమే నయం. ఈ ఒక్క లెక్క ఆ సంచి మీద స్టెతస్కోపు ఉన్న చోట వేసి ఉంటే ఎంత బాగుండేది!

కానీ సంచి మీద ఉన్నది షుగర్ ఫ్రీ. దాంతో జరిగేది ఏమిటో మా ఇంట్లోనే చూశాను. మొదటి నెల అత్తమ్మ ఇంకో గరిటె ఎక్కువ వేసుకున్నారు. "షుగర్ లేని బియ్యమే గదా బిడ్డా." మా కాలనీలో ఒకాయన ఇంకో మెట్టు పైకెళ్లి రాత్రి వేసుకునే మాత్ర మానేశారు, బియ్యం మార్చాను కదా అని. మూడు వారాల తర్వాత కళ్లు తిరిగి పడిపోతే ఆస్పత్రిలో చేర్చారు. రివ్యూలో ఇది రాయాలా వద్దా అని ఆలోచించాను, రాయాలనే అనిపించింది. బియ్యం మార్చినా మాత్రలు మానకండి, తగ్గించాలో వద్దో డాక్టరు చెప్పాలి.

తర్వాత మా ఇంట్లో పనిచేసింది ఏమిటంటే, బియ్యం 75 గ్రాములకి తగ్గించడం, ముందు కూర, పప్పు తినేసి అన్నం చివర్లో తినడం. ఈ రెండోది ఎక్కడి నుంచి వచ్చిందంటే, న్యూయార్క్‌లో వైల్ కార్నెల్ మెడికల్ కాలేజీ వాళ్లు 2015లో ఒక చిన్న పరిశోధన చేశారు. షుగర్ ఉన్న 11 మందికి అదే భోజనం రెండు రకాలుగా పెట్టారు, ఒకసారి బ్రెడ్డూ జ్యూసూ ముందు, ఒకసారి కూరగాయలూ చికెనూ ముందు. కూర ముందు తిన్న రోజు గంట తర్వాత గ్లూకోజ్ 37 శాతం తక్కువ ఉంది. పదకొండు మందే, పెద్ద సంఖ్య కాదు, వాళ్లు తిన్నది అన్నం కూడా కాదు, కానీ ఖర్చు లేని పని కాబట్టి చేసి చూశాం. సగం అన్నం, కూర ముందు: సగటున 41 పెరిగింది. మీటరు ఎంత తప్పు చూపించినా 94 నుంచి 41కి రావడం మీటరు పనిలా నాకనిపించలేదు. అది ఆర్ఎన్ఆర్‌తోనే చేశాను, సాంబ మసూరితో చేసి ఉంటే ఎంత వచ్చేదో నాకు తెలియదు, అప్పటికి అత్తమ్మ వేళ్లు ఇవ్వడం మానేశారు. "పొక్కలే మిగిలినయి, ఇగ చాలు" అన్నారు. న్యాయమే.

మూడు నెలల సగటు, హెచ్‌బీఏ1సీ, 8.4 ఉండేది 7.7కి వచ్చింది. దాని క్రెడిట్ బియ్యానికి ఇవ్వను, ఎందుకంటే మధ్యలో డాక్టరు ఒక మాత్ర మార్చారు, సాయంత్రం నడక కూడా మొదలైంది. ఎవరి వాటా ఎంతో దేవుడికి తెలియాలి.

చద్దన్నం సంగతి అడుగుతారని తెలుసు, ఎందుకంటే అందరూ అడుగుతున్నారు. ఇండోనేషియాలో 2015లో వచ్చిన ఒక పరిశోధనలో అన్నం వండి 24 గంటలు ఫ్రిజ్‌లో 4 డిగ్రీల్లో ఉంచి, మళ్లీ వేడిచేసి 15 మంది ఆరోగ్యవంతులకి పెట్టారు. వంద గ్రాముల అన్నంలో అరగని పిండిపదార్థం అప్పుడే వండినదాంట్లో 0.64 గ్రాములుంటే ఇందులో 1.65 అయింది, తిన్నాక షుగర్ పెరగడం కూడా తగ్గింది. చూడటానికి రెండున్నర రెట్లు, కానీ వంద గ్రాముల్లో ఒక గ్రాము తేడా అది. మా అత్తమ్మకి సద్ది కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు, సల్ల పోసుకుని ఉల్లిగడ్డ కొరుక్కుంటూ తినడం ఆవిడకి చిన్నప్పటి నుంచీ అలవాటు. వారానికి మూడు రోజులు అది కూడా నడుస్తోంది. మా ఊళ్లో లాగా రాత్రంతా గట్టు మీద వదిలెయ్యను, అన్నం చల్లారగానే ఫ్రిజ్‌లో పెడతా, బయట వదిలేస్తే కడుపు పాడుచేసే సూక్ష్మజీవులు పెరుగుతాయి, వేడిచేసినా పోవు కొన్ని. ఆర్ఎన్ఆర్ చద్దన్నానికి మాత్రం భేష్. మజ్జిగ పీల్చుకుని కూడా మెతుకు చెదరదు.

ఇంకో విషయం. తక్కువ జీఐ అనగానే అందరూ ఆర్ఎన్ఆర్ ఒక్కటే అనుకుంటున్నారు. హైదరాబాద్‌లోనే ఇంకోటి పుట్టింది. హబ్సిగూడ దగ్గర ఉన్న జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, రాజేంద్రనగర్‌లోనే ఉన్న వరి పరిశోధన సంస్థ, ఇద్దరూ కలిసి సాంబ మసూరికి ఎండాకు తెగులు తట్టుకునే మూడు జన్యువులు ఎక్కించి 2008లో ఇంప్రూవ్డ్ సాంబ మసూరి తెచ్చారు. దానికి కూడా షుగర్‌తో పని లేదు, తెగులు కోసం చేశారు, తర్వాత పరీక్షిస్తే జీఐ 51కి ఒక పిసరు తక్కువ తేలింది. రుచి సాంబ మసూరిదే. అది మాకు ఏ దుకాణంలోనూ దొరకలేదు, అడిగితే సాంబ మసూరే చూపించి ఇదే అన్నారు.

ఇంకా పెద్ద విచిత్రం మా పుట్టింటిది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ, ఆస్ట్రేలియా వాళ్లు కలిసి 2011లో 235 వరి రకాల జీఐ చూశారు. 48 నుంచి 92 దాకా వచ్చాయి, సగటు 64. అందులో తక్కువ వచ్చిన రకాల్లో వాళ్లు పేరు పెట్టి చెప్పింది స్వర్ణని. స్వర్ణ అంటే ఎంటీయూ 7029, మా మార్టేరు బిడ్డే, దేశమంతా పండుతోంది. నా చిన్నప్పుడు మా నాన్న పొలంలో అదే, అందరూ ఏడువేల ఇరవై తొమ్మిది అనేవాళ్లు, పండించి మిల్లుకి తోలేసేవాళ్లం, మేం తినడానికి మాత్రం సన్నబియ్యం కొనుక్కునేవాళ్లం, స్వర్ణ తినడం నామోషీ అని. పాలేళ్లకి కొలిచిచ్చేది అదే. ఇప్పుడు నేను కిలో నూట ఇరవై పెట్టి అట్టపెట్టెలో కొన్నదానికి పోటీ వచ్చే బియ్యాన్ని మా నాన్న ముప్పై ఏళ్లు లారీలకెక్కించాడు.

కొనాలనుకునేవాళ్లకి నాకు తెలిసిందేమిటంటే, సంచి మీద ఆర్ఎన్ఆర్ 15048 అని రకం పేరు ఉందో లేదో చూడండి, "షుగర్ ఫ్రీ", "డయాబెటిక్ రైస్" అని మాత్రమే ఉంటే వదిలెయ్యండి. కిలోకి డెబ్బై దాటి పెట్టొద్దు, నా అనుభవంలో ఆపైన పెట్టేది పెట్టెకే. కోత నెల అడగండి, చెప్పలేకపోతే రెండు కిలోలు విడిగా కొని వండి చూసి అప్పుడు సంచి తీసుకోండి. తెలిసిన రైతు ఉంటే వేరే ఆలోచనే వద్దు, వాళ్లకి మిల్లు ఇచ్చే ధర కన్నా నాలుగు రూపాయలు ఎక్కువిచ్చినా మీకు మిగులే. ఇంట్లో షుగర్ లేని వాళ్లు కూడా రుచి కోసం వాడొచ్చు, నేనైతే అత్తమ్మ కోసం మొదలుపెట్టి ఇప్పుడు నా కోసం తెప్పిస్తున్నా.

ఇప్పుడు డబ్బాలో ఇంకో నాలుగు కిలోలున్నాయి. వచ్చే నెల తమ్ముడు ఊరి నుంచి వస్తూ స్వర్ణ పది కిలోలు తెస్తానన్నాడు, అది కూడా వండి చూద్దామని నా ఆశ. అత్తమ్మకి ఈ మాట చెప్పి, మా నాన్న పొలంలో పండే రకమే, పేపర్లో కూడా మంచిదని వచ్చింది అని ఊరించబోయాను. ఆవిడ టీవీ మీంచి చూపు తిప్పకుండా, "దొడ్డు బియ్యమా? మీ తమ్మునికే వండి పెట్టు" అన్నారు.